పాలమూరు బాటలో పటాలం జీపు

సినిమాలో హీరోకి పారితోషికం వుంటుంది. హీరోయిన్‌కి వుంటుంది. హీరోగారి గుర్రానిక్కూడా రోజుకింత దాణా అని ప్రొడక్షన్ మేనేజరు లెక్క రాస్తాడు. మరి హీరో ఎక్కి తిరిగే బండికో? టైటిల్సులో పేరుండదు. శుభం కార్డు పడ్డాక అది ఎక్కడికి పోయిందని అడిగే ప్రేక్షకుడూ వుండడు.

‘షోలే’ చూసినవాళ్ళు చేతులెత్తండి! అందరూ ఎత్తేశారు కదూ? ధర్మేంద్ర, అమితాబ్ దోస్తీ పాట పాడుకుంటూ పోయిన పక్కతొట్టి మోటారు సైకిలు గుర్తుందా? అది బి.ఎస్.ఎ. కంపెనీ వారి డబ్ల్యు.ఎం.20. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం వాడిన రకం, 1942 మోడలు. సినిమా 1975 ఆగస్టు 15న విడుదలైంది. సరిగ్గా యాభై ఏళ్ళకి, 2025 నవంబరులో గోవా చిత్రోత్సవంలో ఆ బండిని నిలబెట్టారు. అది ఇన్నాళ్ళూ ఏ స్టూడియో గోడౌన్‌లోనూ లేదు. బెంగుళూరులో ఒకాయన సొంత ఖర్చుతో బాగుచేయించి దాచుకున్నాడు కాబట్టి మిగిలింది!

ఇక జీపు సంగతి చెప్పాలా? ‘ఆరాధన’లో (1969) రాజేష్ ఖన్నా టాపులేని జీపులో, పక్కన డార్జిలింగు బొమ్మరైలు... ఆ ఒక్క పాటతో ఎందరు కుర్రాళ్ళు జీపు మీద మనసు పారేసుకున్నారో లెక్కలేదు. అయితే మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో జీపు కథ ఆ పాట కంటే పాతది. అందులో ప్రేమ తక్కువ, యుద్ధం ఎక్కువ. ఆ కథ వెతుక్కుంటూ పోయే అవకాశం నాకు అనుకోకుండా దొరికింది.

ఆర్ట్ డైరెక్టరు దగ్గర అసిస్టెంటుగా చేసే మిత్రుడొకడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

“గురూ! 1948 నాటి కథ. యుద్ధకాలపు జీపు ఒకటి అర్జంటుగా కావాలి. మహీంద్రాకి రంగు పూసి పెడితే జనం సోషల్ మీడియాలో వుతికేస్తున్నారు. అసలు సరుకు కల్వకుర్తి దగ్గర వుందట. వస్తావా?”

పత్రికలకి రాసుకునే వాడికి ఇంతకంటే ఏం కావాలి? సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

సూర్యాపేట రోడ్డు

కల్వకుర్తి కదా, సరాసరి శ్రీశైలం రోడ్డున పోవచ్చు. కాని మావాడికి ముందు లొకేషను చూడాలని కోరిక. అందుకని విజయవాడ రోడ్డు పట్టాం. ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్... నాలుగు వరుసల రోడ్డు మీద కారు జారిపోతోంది. దారి పొడుగునా దాబాలు, బిర్యానీ బోర్డులు. ఈ రోడ్డు మీద యుద్ధం జరిగిందంటే ఎవరు నమ్ముతారు?

జరిగింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. పెద్ద దండు పడమటి నుంచి, షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. తూర్పు నుంచి వచ్చిన దండు బెజవాడలో బయల్దేరి ఇదే దారిన కదిలింది. దానికి నాయకుడు మేజర్ జనరల్ రుద్ర. మొదటి రోజే కోదాడ, మునగాల. ఆ తర్వాత సూర్యాపేట. ఎదురుగా నిజాం సైన్యం హంబర్, స్టాగ్‌హౌండ్ అనే కవచం కార్లతో నిలబడింది. హంబర్ ఇంగ్లీషువాళ్ళది, స్టాగ్‌హౌండ్ అమెరికా సరుకు. విచిత్రం చూడండి! హిట్లరు మీదికి పంపటానికి తయారుచేసిన బండ్లు మన కందిచేల మధ్య ఎదురెదురు పడ్డాయి.

సూర్యాపేటకి ఇవతల మూసీ వంతెన మీద కారాపాం. నిజాం సైన్యం వెనక్కి తగ్గుతూ ఇక్కడి వంతెనని పేల్చేసింది. కాని కాపలా కాసి కాల్పులు జరపలేదు. అందువల్ల భారత సైన్యం త్వరగానే వంతెన బాగుచేసుకుని దాటింది. సెప్టెంబరు 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. కథ అయిదారు రోజుల్లో ముగిసింది. సర్కారు దానికి ‘పోలీసు చర్య’ అని మెత్తని పేరు పెట్టింది.

మావాడు సెల్‌ఫోన్ అడ్డంగా పట్టుకుని అన్ని వైపుల నుంచీ వంతెన ఫొటోలు తీశాడు.

“క్లైమాక్స్ ఇక్కడే గురూ. జీపు వంతెన మీదికొస్తుంది... ఢామ్!”

“ఏమిటి ఢామ్?” అన్నాను.

“జీపు పేలిపోతుంది!”

నాకప్పుడది పెద్దగా తట్టలేదు. సినిమాల్లో ఎన్ని పేలలేదు!

ఉస్తాద్ బడి

నార్కట్‌పల్లికి వెనక్కి వచ్చి నల్లగొండ వూళ్ళోకి తిరిగాం. కల్వకుర్తి జీపుని చూసుకునే మెకానిక్ ఇక్కడే వుంటాడు. అందరూ ఆయన్ని ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, నల్లచేతులు. రేకుల షెడ్డులో కమాండర్ జీపులు రెండు, ఒక ట్రాక్టరు ఇంజనూ వున్నాయి. గోడకి స్పానర్లు సైజు వారీగా వేలాడుతున్నాయి.

మావాడు సినిమా పేరెత్తగానే ఉస్తాద్ నవ్వాడు.

“సారూ, సినిమావోళ్ళకి ఖాకీ రంగేస్తె అన్ని మిల్ట్రీ జీపులే. కూసోండ్రి, చెప్త.”

ఛాయ్ తెప్పించి పాఠం మొదలుపెట్టాడు. ఆయన చెప్పిందీ, నేను పుస్తకాల్లో చదివిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈసారి సినిమాలో జీపు కనపడితే మీరే పరీక్ష పెట్టండి.

1940లో అమెరికా సైన్యం, తేలికగా వుండి నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలని కంపెనీల్ని అడిగింది. నమూనా ఇవ్వటానికి గడువు 49 రోజులు! గడువులోపల చేసి ఇచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. కాని పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకి పోయాయి. (సినిమా కథ రాసిందొకరు, పేరొచ్చింది ఇంకొకరికి... మనకి తెలియని సంగతా!) 1941 నుంచి 1945 దాకా ఆ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 60 గుర్రాల బలం, మూడు గేర్లు.

గుర్తుపట్టటం ఎలా? ఉస్తాద్ వేళ్ళు మడిచి చెప్పాడు.

“ఒకటి... బానెట్ చూడుండ్రి. నుదురు ఎత్తుగ వుంటె మహీంద్రా. యుద్ధం బండికి నుదురు పొట్టి. రెండు... ముందటి జాలీల సందులు లెక్కవెట్టుండ్రి. యుద్ధం బండికి తొమ్మిది. తర్వాత విల్లీసోడు జనం కోసం చేసిన దానికి ఏడే. మూడు... బోల్టు తల మీద ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరం వుంటె ఫోర్డు బండి. నాలుగు... కిందికి వంగి ముందటి అడ్డకమ్మి చూడాలె. గుండ్రటి పైపు అయితె విల్లీసు, నలుపలకల పట్టీ అయితె ఫోర్డు.”

ఇంకో తమాషా వుంది. యుద్ధం జీపు హెడ్‌లైటుని మర వదులుచేసి వెనక్కి తిప్పేయవచ్చు. అప్పుడది ఇంజను మీదికి వెలుతురు పోస్తుంది. చీకట్లో రిపేరుకి సిపాయి చేతిలో దీపం అక్కర్లేదన్నమాట! కొన్నాళ్ళయ్యాక తాళంచెవి కూడా తీసేసి తిప్పుడు స్విచ్చి పెట్టారు. యుద్ధభూమిలో తాళంచెవి కోసం జేబులు తడుముకునే తీరిక ఎవరికుంటుంది?

మరి అమెరికా జీపులు మన దేశంలో ఎలా మిగిలాయి? బర్మా యుద్ధానికి, చైనాకి సామాను పంపటానికి అస్సాం, బెంగాల్ స్థావరాలయ్యాయి. అందుకోసం వేలకొద్దీ బండ్లు దిగాయి. యుద్ధం ముగిశాక వాటిని ఓడలెక్కించి వెనక్కి తీసుకుపోవటం దండగ. సర్కారు ‘డిస్పోజల్స్’ పేరిట వేలం వేసింది. కాంట్రాక్టర్లు, జమీందార్లు, కాఫీ తోటల దొరలు కొన్నారు.

“ఉస్తాద్, జీపులు మిగిలాయి సరే. ఆ కవచం కార్లు ఒక్కటీ మిగల్లేదే?” అని అడిగాను.

“వాటితోటి ఏం జేస్కుంటరు సారూ? పొలానికి పోవు, పెండ్లికి పోవు. తుక్కుల పోయినయి. జీపు అక్కరకొచ్చింది. అందుకే బతికింది.”

ఇంత సూటిగా ఏ మ్యూజియం వారూ చెప్పరు. ట్యాంకులు, కవచం కార్లు చూడాలంటే అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్) సైన్యం వారి ట్యాంక్ మ్యూజియానికి పోవాలి. జీపుకి మాత్రం వూరూరా ఉస్తాదులు దొరికారు. విడిభాగాలూ దొరికాయి. ఎందుకంటే మహీంద్రా వారు 1947 నుంచి విల్లీస్ జీపుల్ని ఇక్కడే బిగించటం మొదలుపెట్టారు. తాత పోయినా మనవడి చొక్కా తాతకి సరిపోయినట్టు, కొత్త జీపు సామాన్లు కొన్ని పాత జీపుకి అతుకుతాయి. టైరు సైజు 6.00-16. మన ట్రాక్టర్లలో చాలావాటి ముందు టైరు కూడా అదే సైజు!

వచ్చేముందు ఉస్తాద్ ఇంకో మాట అన్నాడు. గొంతు కొంచెం తగ్గించి.

“పోలీస్ యాక్షన్ అప్పుడు మా తాత గా బండ్ల సప్పుడు వింటె చాలు, తలుపు గొళ్ళెం పెట్టి పిల్లల నోళ్ళు మూసేటోడట. మేం ముస్లింలం గద సారూ. రజాకార్లతోటి మాకేం సంబంధం లేకపోయినా భయం భయమే. తర్వాత మా నాయిన గవే బండ్లు రిపేరు చేసి మమ్మల్ని సాదిండు. నసీబు చూడుండ్రి!”

ఆ భయం ఒక్క ఇంటిది కాదు. పోలీసు చర్య తర్వాత సంస్థానంలో ముస్లిం కుటుంబాలు పడ్డ బాధల్ని విచారించటానికి కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. 1948 చివర్లో ఆ బృందం జిల్లాలు తిరిగి నివేదిక రాసింది. అది చాలాకాలం జనం కళ్ళబడలేదు.

కాకా ఇంటి ముందు

నల్లగొండ నుంచి దేవరకొండ, అక్కడి నుంచి డిండి. డిండి ప్రాజెక్టు దాటితే పాత మహబూబ్‌నగర్ జిల్లా మొదలు. 2016లో జిల్లాలు విడగొట్టాక ఈ పక్క నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది గాని, జనం నోట ఇంకా ‘పాలమూరే’. ఎర్రనేల, నల్లబండలు, మధ్యమధ్య పత్తిచేలు. ఎండ అదరగొడుతోంది.

కల్వకుర్తి ఇంకా రాకముందే ఒక పల్లెలోకి మళ్ళాం. వేపచెట్టు కింద, తాటాకు పందిట్లో, టార్పాలిన్ కప్పుకుని వుంది మా కథానాయిక!

యజమాని ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. వయసు డెబ్భైకి దగ్గర. వూరంతా ‘కాకా’ అంటుంటే మేమూ కాకా అనేశాం. టార్పాలిన్ తీశాడు. పొట్టి నుదురు. తొమ్మిది సందులు. నేను వంగి ముందు కమ్మి చూశాను... గుండ్రటి పైపు. విల్లీసే! నా పరీక్ష చూసి కాకా ముసిముసిగా నవ్వాడు.

“ఉస్తాద్ దగ్గర చదువుకొని వచ్చిండ్రా?”

కాకా వాళ్ళ నాన్న నాగార్జునసాగర్ పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి ఆ కొండల్లో జీపు లేకుండా పని జరిగేది కాదు. కాంట్రాక్టరు ఈ బండిని సికింద్రాబాద్ వేలంలో పాడుకున్నాడట. పని ముగిసేనాటికి డ్రైవరుకి చాలా నెలల జీతం బాకీ పడ్డాడు. డబ్బు లేదు, బండి తీసుకో అన్నాడు.

“మా నాయిన ఏడ్చుకుంట ఇంటికి తెచ్చిండట. జొన్నలు తెస్తడనుకుంటె ఇనుము తెచ్చిండని మా అవ్వ తిట్టింది” అన్నాడు కాకా.

ఆ ఇనుమే వాళ్ళని బతికించింది. ఎరువు బస్తాలు, పెళ్ళికొడుకులు, ఎలక్షన్ల మైకులు, పాము కరిచినవాళ్ళు, నొప్పులు పడే ఆడవాళ్ళు... చుట్టుపక్కల పల్లెలన్నీ దాని మీద ఎక్కాయి. పెట్రోలు ధర భరించలేక 1980ల్లో పాత ఇంజను దించేసి మెటడార్ డీజిలు ఇంజను బిగించారు. ఆ రోజుల్లో అందరూ అదే పని చేశారు. చాలామంది పాత ఇంజన్లని తూకానికి అమ్మారు. ఉస్తాద్ వాళ్ళ నాన్న మాత్రం అమ్మనివ్వలేదు. గోనెసంచి చుట్టి షెడ్డు మూల పెట్టాడు. ఏటా వానాకాలానికి ముందు ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండర్లో చెంచాడు ఆయిలు పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పేవాడట. అలా తిప్పకపోతే పిస్టను తుప్పుపట్టి గోడకి కరుచుకుపోతుంది. తండ్రి పోయాక కొడుకు ఆ పని చేశాడు. ముప్పై ఏళ్ళకి పైగా!

చివరికి కాకా రిటైరైన డబ్బులో కొంత పెట్టి అదే ఇంజను మళ్ళీ బిగించుకున్నాడు. దానికొక కారణం వుంది. 2021లో కేంద్రం పాతకాలపు బండ్లకి కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన కార్లు, మోటారు సైకిళ్ళు ‘వింటేజ్’ కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది. తర్వాత 5,000. నంబరులో ‘వి.ఎ.’ అని అక్షరాలు పడతాయి. కాని ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి వుండకూడదు. మెటడార్ గుండెతో పోతే ఒప్పుకోరు. ఇంకో షరతు... ఆ నంబరు పడ్డాక రోజువారీ తిరుగుడుకీ, వ్యాపారానికీ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు, అంతే.

కాకా కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచీలో పెట్టుకున్నాడు. ఇంకా దరఖాస్తు పెట్టలేదు.

అవ్వ చెప్పిన కథ

అరుగు మీద కూచుని అంతా వింటున్న ముసలమ్మ కాకా తల్లి. తొంభైకి అటూ ఇటూ. పుట్టిల్లు సూర్యాపేట పక్క. ఆమెని పలకరించకపోతే ఈ వ్యాసం సగమే అయ్యేది.

“అవ్వా, పోలీసు చర్య నీకు గుర్తుందా?”

“ఎందుకు లేదు బిడ్డా? పదేండ్లదాన్నో పన్నెండేండ్లదాన్నో. తొవ్వ పొంటి దుమ్ము లేసింది. భూమి అదిరింది. రజాకార్ల పీడ పోయిందని మా అమ్మలక్కలు నీళ్ళబిందెలు పట్టుకొని రోడ్డు మీదికి పోయిన్రు. మిల్ట్రోళ్ళకు నీళ్ళు పోసిన్రు. నేను మా చిన్నమ్మ కొంగు పట్టుకొని జీపు చూసిన. గంతవరకు కారు గూడ చూడలే.”

కాసేపు ఆగింది.

“సంబురం ఎన్నాళ్ళున్నది? మల్ల గవే బండ్లు ‘సంగపోళ్ళు యాడున్నరు’ అనుకుంట వచ్చినయి. మా మేనమామను గిసొంటి బండిలనే ఎక్కిచ్చుకపోయిన్రు. యాడాది జేల్ల వుండి వచ్చిండు. వచ్చినంక గూడ జీపు సప్పుడైతె లేచి కూసునేటోడు.”

తెలంగాణ సాయుధ పోరాటం 1946లో మొదలై 1951 అక్టోబరులో విరమణ దాకా సాగింది. అందులో చివరి మూడేళ్ళూ పల్లెలు చూసింది ఈ జీపుల్నే. 1980లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ చూసిన వాళ్ళకి ఆ కాలం కొంత తెలుసు. చూడని కుర్రాళ్ళుంటే తప్పకుండా చూడండి.

“మరి అలాంటి బండిని ఇంట్లో పెట్టుకున్నావేమవ్వా?” అన్నాను, చనువు తీసుకుని.

అవ్వ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

“బండేం జేసింది బిడ్డా? ఎక్కినోడు జేసిండు. నా కోడలు దీంట్లనే కాన్పుకు పోయింది.”

కాకా జీపు 1948లో ఆ రోడ్డు మీద నడిచిందా? అలా చెప్పే కాగితమేదీ లేదు. కాకా కూడా అలా గొప్పలు చెప్పుకోడు. ఆ రకం బండి, ఆ కాలం బండి. అంతవరకే.

బేరం

మావాడు గొంతు సవరించుకుని అసలు విషయానికొచ్చాడు. బండి అమ్మితే నిర్మాత ఇస్తానన్న మొత్తం చెప్పాడు. చిన్న మొత్తం కాదు. కాకా కళ్ళల్లో ఒక్క క్షణం మెరుపు చూశాను. మనవరాలు నర్సింగు చదువుతోంది. రెండో ఏడు ఫీజు కట్టాలి. ఆ మాట అంతకుముందే మాటల్లో చెప్పాడు.

“సినిమాల ఏం జేస్తరు దీంతోటి?” అని అడిగాడు.

మావాడు అబద్ధమాడలేదు. అది వాడి మంచితనం.

“క్లైమాక్స్‌లో... వంతెన మీద... పేల్చేస్తాం కాకా.”

ఎవరూ మాట్లాడలేదు. పందిట్లో కోడి ఒకటి టైరు పక్కన నేల గీరుతోంది.

“రాండ్రి” అన్నాడు కాకా చివరికి. “పాలమూరుల హుడ్డు కుట్టనిచ్చిన. తెచ్చుకోవాలె. తొవ్వల మాట్లాడుకుందాం.”

డ్రైవరు సీటు దిండు ఎత్తి పెట్రోలు పోశాడు. ఈ బండికి టాంకు డ్రైవరు సీటు కిందే! స్విచ్చి తిప్పి, కాలితో నేలమీది స్టార్టరు బొత్తాం నొక్కాడు. ఒకసారి గొణిగింది, రెండోసారి దగ్గింది, మూడోసారి అందుకుంది. ఆ చప్పుడు మహీంద్రా డీజిలు చప్పుడులాంటిది కాదు. మెత్తగా, బొంగురుగా వుంది. అరుగు మీద అవ్వ చెయ్యి ఊపింది.

నేను పక్క సీట్లో. మావాడు వెనకాల కారులో. కల్వకుర్తి దాటాక గాలి మొహాన కొట్టింది. తలుపుల్లేవు, టాపు లేదు, అద్దం ముందుకి మడిచి పెట్టేశాడు. యాభై కిలోమీటర్ల వేగం విమానంలా అనిపించింది. స్కూలు పిల్లలు కేకలేశారు. ఒక పాలవాడు మోటారు సైకిలాపి సెల్యూట్ కొట్టాడు! రాజేష్ ఖన్నాకి బొమ్మరైలు దొరికితే నాకు జడ్చర్ల రోడ్డు మీద పత్తి లారీలు దొరికాయి. ఏం తక్కువ?

కాకా మాత్రం మాట్లాడలేదు. గేరు మార్చేముందు ఇంజను చప్పుడు వింటూ, గుంత వస్తే ముందే తగ్గిస్తూ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు నడిపాడు.

పిల్లలమర్రి నీడలో

హుడ్డు తీసుకుని, మహబూబ్‌నగర్ వూరి బయట పిల్లలమర్రి దగ్గర ఆగాం. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్పుకుంటారు. మూడెకరాలకి పైగా పరుచుకుంది. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే అటవీశాఖ వాళ్ళు సెలైను సీసాలు వేలాడదీసి, చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది.

కాకా చెట్టు వైపు చూస్తూ అన్నాడు.

“దీంట్ల అసలు మొదలు ఏదో ఎవనికన్న ఎరుకేనా? వూడలే మొదళ్ళయినయి. నా బండి గూడ గంతే తమ్మీ. టైర్లు మార్చిన, వైర్లు మార్చిన, సీట్లు మూడుసార్లు కుట్టించిన. అయినా అదే బండి. ఎందుకంటె ఒక్కనాడు గూడ ఇడిశిపెట్టలే.”

తర్వాత మావాడి వైపు తిరిగాడు.

“పైసలు అక్కరే. కాదన. కాని పేల్చేటందుకు ఇయ్య. కిరాయికిస్త. లారీ మీద తీస్కపోయి లారీ మీద తీస్కరాండ్రి. నడిపేది నేనే. నాకు మిల్ట్రీ టోపీ పెట్టుకుంటరో ఏం జేస్కుంటరో మీ ఇష్టం. పేల్చే బండి ఉస్తాద్ జేసిస్తడు. రేకు, నాలుగు కమ్మీలు. దూరంకెళ్ళి చూస్తె నువ్వు గూడ గుర్తుపట్టవు. కాలేదానికి ఇంజనెందుకు?”

“తర్వాత?” అన్నాడు మావాడు.

“తర్వాత వింటేజ్ నంబరుకు దరఖాస్తు. ఇగ బేరాలుండయి. ఇదే మొదటి సినిమా, ఇదే ఆఖరుది.”

మావాడు అక్కడే నిలబడి డైరెక్టరుకి ఫోన్ చేశాడు. పావుగంట మాట్లాడాడు. తిరిగొచ్చి ఉస్తాద్ నంబరు అడిగి రాసుకున్నాడు. మనవరాలి ఫీజుకి సరిపడా అడ్వాన్సు ఆ సాయంత్రమే కాకా ఖాతాలో పడింది. సినిమా ఇంకా సెట్స్ మీదికి పోలేదు. ఉస్తాద్ షెడ్డులో రేకుల జీపు మాత్రం సగం తయారైందని కబురొచ్చింది. ముందు జాలీకి తొమ్మిది సందులే పెట్టాడట!

2015లో క్రిష్ ‘కంచె’లో రెండో ప్రపంచ యుద్ధం చూపించటానికి జార్జియా దేశం దాకా పోవలసి వచ్చింది. మన దగ్గర అంత సరంజామా లేదు. వున్న కొద్దిపాటి బండ్లూ ఒకటి పేలి, ఒకటి తుప్పుపట్టి, ఒకటి తూకానికి పోతే రేపు మన కథ మనం తీసుకోవాలన్నా అప్పు తెచ్చుకోవాల్సిందే. బొమ్మ తయారుచేయొచ్చు. ఆ బొంగురు చప్పుడు, ఆ చప్పుడు విని భయపడ్డ మేనమామ, సంబరపడ్డ చిన్నమ్మ... వాటిని ఏ రేకుల షెడ్డులోనూ చేయించలేం.

కనుక మిత్రులారా, ఒక చిన్న మనవి. మీ వూళ్ళో చింతచెట్టు కిందో, రైస్‌మిల్లు వెనకాలో పాత జీపు పడివుంటే ఒకసారి వంగి చూడండి. జాలీ సందులు లెక్కపెట్టండి. బోల్టు తల మీద అక్షరం వెతకండి. ముందు కమ్మి గుండ్రమో, పలకో చూడండి. లెక్క కుదిరితే ఆ ఇంటి పెద్దవాళ్ళని దాని కథ అడిగి కాగితం మీద పెట్టండి. ప్లగ్గులు విప్పించి చెంచాడు చెంచాడు ఆయిలు పోయించండి. తుక్కు వ్యాపారి తక్కెడ తెచ్చేలోపల ఆ పని జరగాలి.

ఇక థియేటర్లో ఎప్పుడైనా జీపు గాల్లోకి లేచి పేలిపోతే ఈలలు వేయండి, తప్పులేదు. అది రేకుల బండే అయివుండాలని మాత్రం మనసులో ఒకసారి అనుకోండి!